పొట్ట మీది ఇటుక

నాకు నిమ్ము చేసి, తగ్గి, దవఖాన నుంచి ఇంటికొచ్చి వారం దినాలైంది. వచ్చేటప్పుడు డాక్టరు ఒక ప్లాస్టిక్ డబ్బ చేతుల పెట్టిండు. దాంట్ల మూడు గదులు, గదికో రంగు గోలీ, పక్కకు ఒక పైపు. పైపు నోట్ల పెట్టుకొని గాలి లోపలికి గుంజితె గోలీలు ఒకటెనుక ఒకటి పైకి లేవాలె. మూడు లేసినయంటె ఊపిరితిత్తులు బాగైనట్టు. నాకు ఒకటి లేస్తది, రెండోది కదిలినట్టు చేసి కూసుంటది, మూడోది నా దిక్కే చూడదు. దినం తప్పి దినం ఒక ఫిజియోథెరపీ పిల్ల ఇంటికొచ్చి నాతోని ఈ గోలీలాట ఆడిపిస్తది. మొన్న బుధవారం వచ్చి, నేను గుంజేది జరసేపు చూసి, "అంకుల్, భుజాలెందుకు లేపుతున్నరు? మెడ నరాలన్ని తేలుతున్నయి చూడుండ్రి. పొట్ట మీద చెయ్యి పెట్టుకోండ్రి. గాలి గుంజినప్పుడు పొట్ట పైకి రావాలె" అన్నది. తలుపు కాడ నిలబడ్డ మా ఆమె ఊకుంటదా? "ముప్పై ఏండ్లు బడిల ఊపిరి పాఠం చెప్పిండమ్మా ఈయన. ఇప్పుడు ఊపిరి తీసుడుకు ట్యూషన్ పెట్టిచ్చుకున్నడు" అన్నది. ఆ పిల్ల నవ్వింది, నేను గూడ నవ్విన. అంతల మా ఆమె ఇంకో మాటన్నది. "మా నాయిన గూడ అచ్చం నీ లెక్కనే పొట్ట, పొట్ట అని అందరి పాణం తింటుండె. గా మాట ఇనే మా తమ్ముడు పోలీసు నౌకరి పోగొట్టుకున్నడు." నా నోట్లకెళ్లి పైపు జారింది. దగ్గొచ్చిందనుకొని ఆ పిల్ల నా ఈపు నిమిరింది. అది దగ్గు గాదు.

ఆ మాట మా ఇంట్ల ముప్పై ఏండ్ల సంది నడుస్తున్నది. పండుగకు చుట్టాలొస్తె నడుస్తది, టీవీల పోలీసు కనబడితె నడుస్తది. నడిచినప్పుడల్ల నేను పేపర్ తీస్త, లేకుంటె చెప్పులేసుకొని బయటికి పోత. గని మొన్న మంచం మీదున్న, పేపర్ దూరంగుండె, లేసి పొయ్యే తాకతు లేదు. ముక్కు మొకం తెల్వని పిల్ల ముంగట పొయ్యినాయన మీద ఆ మాట పడ్తుంటె, పైపు పట్టుకొని దద్దమ్మ లెక్క కూసున్న. చెప్పుకోవాలంటె సిగ్గయితున్నది. అయినా చెప్త, ఇంక దాచుకొని చేసేదేమున్నది.

మా ఆమె నాయిన అంటె నాకు సొంత మేనమామ, మా అమ్మకు తమ్ముడు. మా దిక్కు మేనరికం మామూలే, మామ బిడ్డనే చేసుకున్న. ఫలక్‌నుమా రైలు పట్టాల అవతల ఒకటే వాకిలి, అటు రెండర్రలు వాళ్లవి, ఇటు రెండర్రలు మావి, నడుమ ఒక నీళ్ల నల్ల. రైలొచ్చిందంటె రెండు దిక్కుల గిన్నెలు ఒక్కపారే మోగుతుండె. మామ పెండ్లిళ్ల బ్యాండ్ల క్లార్నెట్ వాయిస్తుండె. సన్నని మనిషి. ఎర్రకోటు, దాని మీద బంగారు రంగు జరీ, భుజాలకు కుచ్చులు. ఆ కోటు వేసుకుంటె కోటే మామను పట్టుకొని పోతున్నట్టుండేది. గని క్లార్నెట్ నోట్ల పెట్టిండంటె అబ్బ, ఆ సన్నని పాణంల గంత గాలి యాడ దాచిండో అనిపిస్తుండె. పెండ్లికొడుకు ఊరేగింపు పత్తర్‌గట్టి రాతి కమాన్ల పొంటి పోతున్నప్పుడు, ఒకటే సురం అందుకొని నాలుగు దుకాణాలు దాటేదాక ఇడిచేటోడు గాదు. గుర్రం మీది పెండ్లికొడుకు గూడ మెడ తిప్పి చూస్తుండె. "నాదేముంది అల్లుడా, సగం ఆ రాళ్లే వాయిస్తయి" అనేటోడు మామ.

ఆ గాలి ముచ్చట మామ ఎవలకు చెప్పకుంట ఇడిచిపెట్టలే. చిన్నప్పుడు మామకు నేర్పిన ఉస్తాద్, క్లార్నెట్ చేతికియ్యక ముందు ఆరు నెలలు నేల మీద ఎల్లెలకల పండబెట్టి, పొట్ట మీద ఇటుక పెట్టేటోడంట. ఊపిరి తీస్తె ఇటుక లేవాలె, ఇడిస్తె మెల్లగ దిగాలె. ఎద ఉబ్బిందో, బెత్తం దెబ్బ. "సీనా నక్కో బేటా, పేట్ సే లో" అనేటోడంట ఉస్తాద్. ఎదతోని వద్దు బిడ్డా, పొట్టతోని తీస్కో అని. మామకు అది వేదమైపోయింది. దగ్గొచ్చినోనికి, నిద్ర పట్టనోనికి, పాలు పోసేటాయన సైకిల్ తొక్కి ఆయాసపడితె ఆయనకు గూడ ఇటుకే మందు. నా పెండ్లి మాటలు మాట్లాడుకున్న దినం నన్ను గూడ పండబెట్టి ఇటుక పెట్టిండంటె నమ్ముతరా? "అల్లుని పొట్టల దమ్ములేదు" అని అందరి ముంగట తీర్పు చెప్పిండు. మా అత్త నెత్తి కొట్టుకున్నది.

ఇగ నా సంగతి. నేను షాలిబండ దిక్కు ఒక చిన్న ప్రైవేట్ బడిల సైన్స్ సార్‌ను. మా వాకిట్ల డిగ్రీ చేసింది నేనొక్కన్నే. గంతే, గల్లీకి నేను సుప్రీం కోర్టు. మందుల చీటి నాకే చూపిస్తుండ్రి, కరెంటు మీటరు గిర్రున తిరిగితె నన్నే పిలుస్తుండ్రి, పాలల్ల బల్లి పడితె ఆ గిన్నె పట్టుకొని నా కాడికే వస్తుండ్రి. "సార్‌ను అడుగుండ్రి" అనే మాట చెవుల పడితె నాకు చాయ్ తాగినట్టుండేది. నాకు తెల్వదు అనే మాట మాత్రం నా నోట్ల ఎన్నడు పుట్టలే. ఇప్పుడు తలుసుకుంటె చెంపలు వాయించుకోవాలనిపిస్తది.

మామకు ఒక్కడే కొడుకు, నాకు బామ్మర్ది. పొడుగు మనిషి, పరుగుల జింక. లాడ్ బజార్ల గాజుల దుకాణంల కూలికి గాజులు చుట్టి కట్టలు కట్టేటోడు గని, వాని మనసంత పోలీసు కానిస్టేబుల్ నౌకరి మీదుండె. పొద్దుగాల లేసి పట్టాల పొంటి పరుగెత్తేది, రైలుతోని పందెం కట్టేది. నౌకర్లు పడ్డయని పేపర్ల వచ్చేసరికి వానికి వయసు దాటేటట్టున్నది, అదే ఆఖరి మోక. ఎత్తుకు ఫికర్ లేదు, పరుగుకు ఫికర్ లేదు. ఫికరంత ఛాతీది. మామూలుగ కొలిచినంక ఊపిరి తీసి ఉబ్బిస్తె అయిదు సెంటీమీటర్లు పెరగాలె. వానికి పెరుగుతలేదు. కుస్తీలు నేర్పే తాలీంఖానా పహిల్వానేమో పక్కటెముకలు ఇచ్చుకునేటట్టు కసరత్తు చెయ్యమన్నడు, ఇంట్ల మామేమో ఇటుక పట్టుకొని తయారున్నడు. రెండు మాటల నడుమ నలిగి, ఒక ఐతారం పూట వాడు మామను ఎంటబెట్టుకొని నా అర్రకొచ్చిండు. "బావా, నువ్వు సైన్స్ సార్‌వి. ఎవలు చెప్పింది కరెక్టో నువ్వే తేల్చు. నువ్వెట్లంటె అట్లనే చేస్త" అన్నడు.

నాకింకేం కావాలె! సుద్దముక్క తీసుకొని గోడ మీదనే బొమ్మ గీసిన. ఊపిరితిత్తులకు సొంత బలం లేదు, అవి స్పంజి సంచులు, వాటిల కండరం లేదు, వాటంతట అవి ఉబ్బలేవు అన్న. వాటి కింద గొడుగు లెక్క ఒక కండరముంటది, దాన్నే డయాఫ్రం అంటరు. అది బిగిసిందంటె కిందికి దిగుతది, ఎద గూడుల జాగ పెరుగుతది, బయటి గాలి పిలువకుంటనే లోపలికొస్తది. కిందికి దిగినప్పుడు అది పేగులను తోస్తది, గందుకే పొట్ట ముంగటికొస్తది. అది వదులైతె మళ్ల పైకి లేస్తది, గాలి బయటికి పోతది. పక్కటెముకల నడుమ గూడ కండరాలున్నయి, అవి బకెట్టు చెవి లేపినట్టు ఎముకలను పైకి, బయటికి లేపుతయి, గని పెద్ద పని చేసేది డయాఫ్రమే. గిట్ల పావుగంట దంచి, సుద్ద దులుపుకొని, "మామ చెప్పిందే నూటికి నూరుపాళ్లు కరెక్టు" అన్న. నేను చెప్పిన దాంట్ల ఒక్క అచ్చరం తప్పు లేదు. ఇప్పటికి అదే పాఠం. గని వాడు అడిగింది ఊపిరెట్ల తీసుకోవాలె అని గాదు, టేపు ఎట్ల నిండాలె అని. టేపు చుట్టేది రొమ్ము మీద, పొట్ట మీద గాదు. ఎముకలు లేపే కండరాలనే కొలుస్తది ఆ టేపు. నోటిఫికేషన్ వానికి చదివి చెప్పింది గూడ నేనే.

మామ ఆ దినం ఎంత సంబురపడ్డడో చెప్పలేను. బడికి పోని మనిషి. నలభై ఏండ్ల సంది తన ఒంటికి తెలిసిన ముచ్చటను ఒక సదువుకున్నోడు గోడ మీద బొమ్మ గీసి ఒప్పుకున్నడు. కళ్లల్ల నీళ్లొచ్చినయి మామకు. "మా ఉస్తాద్ బడికి పోలేదు అల్లుడా, ఆయనకెట్ల తెలిసింది ఇదంత?" అని ఆ గోడ దిక్కే చూసుకుంట నిలబడ్డడు. మా ఆమె ఊరి నుంచి వచ్చినంక, గోడ తుడువొద్దని ఆమెకు గూడ చెప్పిండు. బ్యాండు దుకాణంల అందరికి చాయ్ తాపి, "మా అల్లుడు సైన్స్ సార్ సాఫ్ చెప్పిండు, పేట్ సే అనే పుస్తకాలల్ల ఉన్నదంట" అని చెప్పుకున్నడు. ఇగ ఇంట్ల ఇటుకలు షురూ. పొద్దుగాల ఒకటి, మాపటికి రెండు. తాలీంఖానాకు పోవుడు బంద్. మా ఆమె కుట్టు మిషను టేపు తెచ్చి నేను కొలుస్తుంటి. యాడ కొలిచిన? డయాఫ్రం ఉండే కాడ, పక్కటెముకల కిందంచుకు, బొడ్డుకు జానెడు పైన. ఆరు సెంటీమీటర్లు, ఆరున్నర, ఏడు. మామ చప్పట్లు కొడుతుండె, బామ్మర్ది మొకం ఎలుగుతుండె.

ఇదంత నాకు తెల్వక జరిగిన తప్పైతె, ఇంత సిగ్గు ఉండకపోవు. తెలిసింది. కొలతల దినం ఇంక పదిరోజులున్నదనంగ తొమ్మిదో తరగతిల అదే పాఠం చెప్తున్న. ఒక చెయ్యి ఎద మీద, ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకొని ఊపిరి తీసి చూడుండ్రి అన్న. ముంగటి బెంచి పిల్ల ఒకామె లేసి, "సార్, పొట్ట మీది చెయ్యే కదులుతుంది, ఎద మీది చెయ్యి ఉన్నకాడనే ఉంది" అన్నది. శభాష్ అన్న. అన్నంక పోలీసోళ్లు టేపు చుట్టే జాగ యాదికొచ్చింది. మాపటికి ఇంటికి పోయి, ఏమనకుంట బామ్మర్దిని నిలబెట్టి, టేపు ఈపారి సరైన కాడ, రొమ్ము మీద చుట్టిన. వాడు దమ్ము పీల్చిండు. పొట్ట ముంగటికొచ్చింది. టేపు మాత్రం మూడున్నర కాడ ఆగింది. మళ్ల చూసిన, మూడున్నరే. "ఎంత బావా?" అన్నడు వాడు. వాకిట్ల మామ పక్కింటాయనకు నా పేరు చెప్పుకుంట మురుస్తున్నడు, అల్లుడు గిట్లన్నడు, అల్లుడు గట్ల బొమ్మ గీసిండు అని. ఆ మురిపెం నా చెవుల పడుతున్నది. "మంచిగనే ఉన్నది" అన్న నేను.

పది దినాలుండె. పహిల్వాన్ కాడికి పంపితె ఎముకల కండరాలు ఎంతో కొంత సాగేటివేమో. నేను తప్పు చెప్పిన, పొట్ట పక్కకు పెట్టు, ఎద ఇచ్చుకో అని ఒక్క మాట అంటె అయిపోవు. నేను చెప్పలే. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట, ఆ పూట దాకా కండలు వాటంతట అవే అలవాటైతయని నన్ను నేను మోసం చేసుకున్న. నా ఇజ్జత్ కోసం ఒక పోరగాని బతుకు పణంగ పెట్టిన. థూ నా సదువు.

కొలతల దినం వాడు పొద్దుగాల్నే పోయిండు. నేను సెలవు పెట్టి ఇంట్లనే ఉన్న, బడికి పొయ్యి పాఠం చెప్పే మొకం లేక. పగటీలి రెండున్నరకు వచ్చిండు. బూట్లకు దుమ్ము గూడ అంటలే. కొలతలు పాసైనోళ్లనే పరుగుకు పంపుతరంట. వాడు పరుగు దాకా పోనే లేదు. మూడుసార్లు చుట్టిండ్రంట, మూడుసార్లు తక్కువే వచ్చిందంట. "పొట్ట కాదురా, ఛాతీ ఉబ్బియ్యి అన్నరు నాయినా. నాకు వస్తలేదు" అన్నడు, గంతే. బూట్లు ఇప్పి మూలకు పెట్టి, లోపలికి పోయి గోడ దిక్కు తిరిగి పండుకున్నడు. మా అత్త వాకిట్ల కూలబడ్డది. తర్వాత లేసింది. మామ మీదికి పోయింది. "నీ బాజా పాడుగాను! నీ ఇటుకలు పాడుగాను! పోరని నోట్ల మన్ను గొట్టినవ్ గదా! పహిల్వాన్ చెప్పంగ చెప్పంగ ఇననియ్యలే. బడికి పోనోనివి, నీకెందుకు ఆ సదువు?" మా ఆమె గూడ పక్కన నిలబడి, "నాయినా, నువ్వే తమ్మున్ని ఆగం చేసినవ్" అని ఏడ్చింది. నేను గోడ మీద సుద్దబొమ్మ గీసిన దినం వాళ్లిద్దరు ఊరికి పోయుండ్రి. వచ్చినంక అల్లుడే తేల్చిండని మామ ఎంత చెప్పినా, అదంత మామ గొప్పలే, గోడ మీదిది బడి బొమ్మ, నేను టేపు పట్టింది మామ పోరు పడలేక అనుకున్నరు.

మామ వాళ్ల దిక్కు చూడలే. నా దిక్కు చూసిండు. గుస్సతోని గాదు, ఎదురు చూసినట్టు చూసిండు, నేను నోరు తెరుస్తనని. నా చేతుల చాయ్ సాసరుండె. నేను సాసర్ల చాయ్‌ని ఊదుకుంట కూసున్న. అప్పుడు మామ, "అవునే, నాదే తప్పు. అల్లుడు వద్దనే అన్నడు. పహిల్వాన్ చెప్పిందే ఇనుమన్నడు. నేనే ఇనలే" అన్నడు. లోపలి అర్రల పండుకున్న బామ్మర్దికి ఆ మాట ఇనబడ్డది. వానికి అసలు ముచ్చట తెలుసు. వాడు గూడ బయటికొచ్చి, కాదు అనలే. ఇద్దరు కలిసి నా ఇజ్జత్ కాపాడిండ్రు. నేను కాపాడిపిచ్చుకున్న.

బామ్మర్ది బతుకు ఆగం కాలేదు, అది వేరే ముచ్చట. మళ్ల లాడ్ బజార్‌కే పోయిండు, మెల్లగ సొంతంగ చిన్న గాజుల దుకాణం పెట్టుకున్నడు, పిల్లలను సదివిచ్చిండు. నాకంటె నాలుగు మెతుకులు ఎక్కువే తింటుండు. కలిసినప్పుడు "బావా, మంచిగున్నవా?" అని అదే ప్రేమ. ఒక్కదినమన్న ఎత్తి చూపలే. పోయింది మామది. ఆ దినం తర్వాత మామ ఎవలకు ఇటుక పెట్టలే. బ్యాండుల కొత్తగ చేరినోళ్లు వచ్చి, "ఉస్తాద్, దమ్ము ఎట్ల పట్టాలె?" అని అడిగితె, "నాకు సరిగ తెల్వదు బిడ్డా. సదువుకున్నోళ్లనెవలనన్న అడుగు" అనేటోడు. నా చెవులతోని ఇన్న. నలభై ఏండ్లు ఆ దమ్ము మీదనే కుటుంబాన్ని సాదినోడు నాకు తెల్వదు అన్నడు. ఏమీ తెల్వని నేను ఆ మాట ఎన్నడనలే. వాయించుడు మాత్రం బంద్ పెట్టలే, డీజేలు వచ్చి బ్యాండు దుకాణాలు మూతపడేదాక వాయించిండు. గని కమాన్ల కింద ఆ పొడుగు సురం మళ్ల పట్టంగ నేను చూడలే. వయసయింది అన్నరు అందరు. నేను గూడ అవును అన్న.

మొన్న ఫిజియో పిల్ల పోయినంక, మా ఆమె మంచం పక్కన కూసొని చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. పొద్దు ఇంక మస్తుగున్నది. నేను పైపు పక్కకు పెట్టి, "ఒక ముచ్చట చెప్త, నడుమ ఆపకు" అన్న. మొత్తం చెప్పిన. గోడ మీది బొమ్మ, కిందంచుకు చుట్టిన టేపు, మూడున్నర, మంచిగనే ఉన్నదన్న నా మాట, మామ ఆడిన అబద్ధం. చెప్పేటప్పుడు మూడు మాటలకోసారి ఊపిరి అందక ఆగవలసొచ్చింది. ఆమె చేతులు ఆగినయి. తిడ్తదనుకున్న. తిట్టలే. "దవఖానల నాయిన ఆఖరికి మంచం మీదున్నప్పుడు గూడ అదే మాటన్న బావా. నీ మూర్ఖత్వంతోని తమ్ముని నౌకరి పాయె అని. నవ్విండు. నువ్వు ఆడనే స్టూల్ మీద కూసున్నవ్" అన్నది. ఒడిల పడ్డ ఈనెలు దులుపుకొని, "ముప్పై ఏండ్లు నాతోని మా నాయినను తిట్టిపిచ్చినవ్" అన్నది. చిక్కుడుకాయల గిన్నె తీసుకొని లోపలికి పోయింది.

మామ పోయి పదకొండేండ్లు. అంతకు ముందు పందొమ్మిదేండ్లు దినాం పొద్దుగాల నా ఎదురుంగనే కూసొని చాయ్ తాగిండు. ఏ దినమన్న చెప్పొచ్చు. దినాలు మస్తుగుండె, నేనే చెప్పలే.